తెలిసినదను భ్రమ, తెలిసికొనవలెనను కోరిక

(ఆనందపురము గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఒక పల్లెలో గ్రంథాలయము 25 సంవత్సరములు నిలుచుట సామాన్య విషయము కాదు. ఉత్సాహముతో ప్రారంభమయిన సంస్థలు అనేకము మూడవ యేటనో, నాలుగవ యేటనో తాళము వేసికొనుట మనమెరిగినదే. దినదినము తలుపు తీసి, దీపము పెట్టి, పత్రికలు బల్లపై పరచిన చేతులకు ముందుగా నా వందనము.

రజతోత్సవ సభలలో గ్రంథాలయమునకు వచ్చువారిని ప్రశంసించుట ఆచారము. నేను నేడు రానివారిని గూర్చి మాటలాడ దలచితిని. రానివారిలో తీరిక లేనివారు కొందరు, చదువు రానివారు కొందరు, దూరమున నుండువారు కొందరు. వీరి కొరకు చేయవలసినదేమో మనకు తెలియును. వేళలు మార్చవచ్చును, వయోజన విద్య నడుపవచ్చును, పుస్తకములను ఇంటికి పంపవచ్చును. కాని వీరందరికంటె పెద్ద వర్గమొకటి కలదు. వారికి తీరిక కలదు, చదువు కలదు, గ్రంథాలయము వారి వీధిలోనే కలదు. అయినను రారు. ఏలయన, అడుగవలసినదేమియు వారికి కనబడదు. తమకు కావలసినది తమకు తెలిసియే యున్నదని వారి నమ్మకము.

ఆకలి లేనివాడు అన్నమునకు లేవడు. తెలియదని తోచనివాడు పుస్తకమునకు లేవడు. కనుక గ్రంథాలయము యొక్క మేలు కోరువారందరును ఒక ప్రశ్నను విచారింపవలసి యున్నది. ఒక విషయము మనకు తెలిసినదా, లేదా అని మనము దేనినిబట్టి నిర్ణయించుకొనుచున్నాము?

దీనికి మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు గడచిన అరువది యేండ్లలో చెప్పిన సమాధానము క్లుప్తముగా నిది. మనము మన జ్ఞానమును తూచి చూచుట లేదు. అది ఎంత సులభముగా జ్ఞప్తికి వచ్చుచున్నదో దానిని మాత్రమే చూచుచున్నాము. తడుముకొనకుండ వచ్చినది తెలిసినదనియు, తడుముకొనిన గాని రానిది తెలియనిదనియు లెక్క కట్టుచున్నాము. ఈ లెక్క తరచుగా సరిపోవును. సరిపోనప్పుడు మాత్రము పెద్ద నష్టము తెచ్చిపెట్టును.

మొదట నిత్యానుభవమును చూతము. తెలిసినవాని పేరు నోటిదాక వచ్చి నిలిచిపోవును. మొదటి అక్షరము తెలిసినట్లుండును, పేరు పొడుగో పొట్టిదో కూడ తెలిసినట్లుండును, పేరు మాత్రము రాదు. 1966లో హార్వర్డు విశ్వవిద్యాలయమున బ్రౌన్, మెక్‌నీల్ అను నిరువురు ఈ స్థితిని పరీక్షించిరి. అరుదైన మాటల అర్థములను చదివి వినిపించి, ఆ మాట యేదో చెప్పుమనిరి. మాట నోటిదాక వచ్చి ఆగిపోయినవారు పెక్కుసార్లు దాని మొదటి అక్షరమును సరిగా చెప్పగలిగిరి. అంతకు ముందటి యేడు, 1965లో, హార్ట్ అను పరిశోధకుడు మరియొక విషయము చూపెను. జవాబు జ్ఞప్తికి రానివారిని “నాలుగు జవాబులు ముందు పెట్టిన సరియైనదానిని గుర్తింపగలరా?” యని అడిగిన, గుర్తింపగలమనినవారు చాలవరకు గుర్తించిరి. కాబట్టి తెలిసినదను భావన యుత్త గాలిమాట కాదు. దానికొక విలువ కలదు.

అయితే ఆ భావన దేనితో తయారగుచున్నది? దీనిని ఇస్రాయేలు దేశీయుడగు కొరియట్ 1993లో వివరించెను. ప్రశ్న వినగానే మనస్సులోనికి కొన్ని తునుకలు వచ్చును: ఒక పేరు, ఒక బొమ్మ, ఎప్పుడో విన్న మాట. ఆ తునుకలు ఎక్కువగా, వడిగా వచ్చినచో తెలిసినదని తోచును. వచ్చిన తునుకలు నిజమైనవా, తప్పుడివా అను సంగతి ఆ భావనలో చేరదు. తప్పుడి తునుకలు పది వచ్చినను మనిషి ధైర్యముగానే యుండును. నా ప్రసంగమునకంతకును మూలము ఈ యొక్క విషయమే.

దీనికి చక్కని నిదర్శనము 1973లో ట్వెర్‌స్కీ, కానెమన్ అను పండితులు ప్రకటించిన పరీక్ష. మనము దానిని తెలుగులోనే చేసి చూడవచ్చును. 'ర' అను అక్షరముతో మొదలగు మాటలు చెప్పుమనిన పిల్లవాడు రాజు, రథము, రవ్వ, రంపము అని గడగడ చెప్పును. మూడవ అక్షరము 'ర' గల మాటలు చెప్పుమనిన ఆగిపోవును. కొంతసేపటికి నగరము, సాగరము, అక్షరము అని ఒక్కొక్కటిగా తీయును. మొదటివి సులభముగా వచ్చినవి గనుక అవియే లెక్కకు ఎక్కువ యని అతనికి తోచును. ఆ పండితులు ఆంగ్ల భాషలో ఐదు హల్లులను గూర్చి 152 మందిని అడిగిరి. ఆ యైదును నిజమునకు మొదటి స్థానమున కంటె మూడవ స్థానముననే ఎక్కువగా వచ్చునవి. అయినను 105 మంది, వానిలో ఎక్కువ హల్లులు మొదటి స్థానముననే అధికమనిరి. మన మనస్సు కూడ నిఘంటువు వలె మొదటి అక్షరమును పట్టుకొని వెదకును. వెదకుటకు వీలైనది ఎక్కువ యున్నదని నమ్మును.

మరియొక పరీక్ష ఇంకను విచిత్రమైనది. జర్మనీ దేశమున ష్వార్జ్ మొదలగువారు 1991లో ప్రకటించినది. జంకు లేకుండ తమ మాటను నిలువబెట్టుకొనిన సందర్భములను జ్ఞప్తికి తెచ్చుకొనుడని కొందరిని కోరిరి. సగము మందిని 6 సందర్భములు, మిగిలినవారిని 12 సందర్భములు చెప్పుమనిరి. అటుపిమ్మట “మీరెంత ధైర్యస్థులు?” అని అడిగిరి. పండ్రెండు చెప్పినవారు తమను ఎక్కువ ధైర్యస్థులుగా నెంచుకొనవలెను గదా! జరిగినది దానికి విరుద్ధము. ఆరు చెప్పుట సులువు, కనుక ఆరు చెప్పినవారు తమకు ధైర్యము మెండనుకొనిరి. పండ్రెండు తెచ్చుటకు శ్రమ పడినవారు, ఇంత కష్టమైనది గనుక తమకు ధైర్యము తక్కువ యనుకొనిరి. జ్ఞప్తికి వచ్చిన సాక్ష్యమెంత యని మనస్సు లెక్కింపలేదు. వచ్చుటలోని సుఖమును మాత్రమే లెక్కించినది.

ఇక మన ప్రాంతమునకు వత్తము. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమును తాకినది. ఆ దినమును చూచినవారికి దానిని జ్ఞప్తికి తెచ్చుకొనుటకు ప్రయత్నమే అక్కరలేదు. కూలిన చెట్లు, ఎగిరిన రేకులు, దినముల తరబడి చీకటి, అన్నియు కన్నుల యెదుట నిలుచును. ప్రాణాపాయమెచ్చట యని ఈ ప్రాంతమువారిని అడిగినచో తుపానని వెంటనే జవాబు వచ్చును. ఆ తుపానులో పోయిన ప్రాణములు పదుల సంఖ్యలోనివి. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ ఉప్పెనలో వేలకొలది జనులు మరణించిరి. హుద్‌హుద్‌నాటికి ముందుగా హెచ్చరికలు, తరలింపులు ఉండుటచే నష్టము ఎంతో తగ్గినది. కాని మన యూరి కూడలి మీదుగా చెన్నై, కోల్‌కతాల నడుమ జాతీయ రహదారి సాగిపోవుచున్నది. 2022వ సంవత్సరమున దేశములో రహదారి ప్రమాదములలో మరణించినవారి సంఖ్య ప్రభుత్వ లెక్కల ప్రకారము 1,68,491. ఈ మరణములు ఒక్కొక్కటిగా, నిశ్శబ్దముగా జరిగిపోవును. ఒక్క బొమ్మగా మనస్సున నిలువవు. కనుక తుపాను వార్తకు రేడియో ముందర కూర్చుండు మనిషియే తలకు రక్షణ లేకుండ ద్విచక్ర వాహనముపై రహదారి దాటును. తుపానుకు జాగ్రత్త పడరాదని నా యభిప్రాయము కాదు. జ్ఞప్తికి సులభముగా రాని యపాయమును గూర్చి మనము విచారించుట కూడ మానివేయుదుమని చెప్పుచున్నాను.

ఇంతకంటె మన పొలములకు దగ్గరగానున్న విషయము పాముకాటు. పాము కరచిన ఏమి చేయవలెనని పల్లెలో ఎవరినడిగినను తడుముకొనకుండ చెప్పుదురు: కాటుకు పైన త్రాటితో బిగించి కట్టవలెను, కత్తితో కోసి రక్తము పోనీయవలెను, నోటితో విషము లాగవలెను, మంత్రగానిని పిలువవలెను. సినిమాలలో చూచినది, తాతలు చెప్పగా విన్నది అంతయు ఒక్క క్షణమున నోటికి వచ్చును. అంత సులభముగా వచ్చినదానిని గూర్చి ఎవడు పుస్తకము తెరచును? ఎవడు వైద్యునడుగును? కాని అందులో ప్రతియొక్కటియు తప్పు. బిగించి కట్టిన కట్టు అవయవమునే చెరచవచ్చును. కోసిన గాయము రక్తస్రావమును పెంచును. విషము నోటితో బయటికి రాదు. చేయవలసినది వేరు. కాటుపడినవానిని కదలనీయక పరుండబెట్టవలెను. ఉంగరములు, కడియములు తీసివేయవలెను. కరచిన కాలునకో చేతికో బద్ద ఆనించి కదలకుండ చేయవలెను. క్షణము వృథా చేయక విరుగుడు సూదిమందు గల ఆసుపత్రికి చేర్పవలెను. మన దేశమున తయారగు విరుగుడు తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అను నాలుగు జాతుల విషమునకును పనిచేయును. కట్లపాము రాత్రివేళ నేలపై నిద్రించువారిని కరచును. తరచుగా నొప్పియు వాపును ఉండవు. నొప్పి లేదు గనుక భయము లేదని నిద్రపోయినవాడు తెల్లవారుసరికి ఊపిరి అందని స్థితికి వచ్చును. 2000 నుండి 2019 వరకు భారతదేశమున పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది మరణించినట్లు 2020లో ప్రకటితమైన పరిశోధన అంచనా కట్టినది. వారిలో అధికసంఖ్యాకులు గ్రామీణులు. మరణములు ఎక్కువగానున్న రాష్ట్రములలో మన ఆంధ్రదేశము కూడ చేరినది.

తప్పుడు జ్ఞానము ఇన్ని తరములు ఎట్లు నిలిచినది? కారణము సులభముగానే తెలియును. కరచు పాములలో విషము లేనివి పెక్కు. విషము గలవి కూడ ఒక్కొక్కసారి విషము ఎక్కింపక కరచును. అట్టివారు మంత్రము వేసినను బ్రతుకుదురు, వేయకున్నను బ్రతుకుదురు. బ్రతికినవాడు మంత్రగాని మహిమను ఊరంతయు చెప్పును. చనిపోయినవాడు తన కథ చెప్పలేడు. అందుచేత మన జ్ఞప్తిలో మంత్రము ఫలించిన కథలే నిండి యుండును. అవియే ముందుగా పైకి వచ్చును.

ఇక్కడ ఒక ఆక్షేపణ వచ్చుట సహజము. “అయ్యా, అన్నిటికిని పుస్తకము చూచుచు కూర్చుండిన బ్రదుకు సాగునా? అనుభవజ్ఞుడు తడుముకొనకుండ చెప్పునది నిజము కాదా?” అని మీరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. మన ఆనందపురము పూల మార్కెట్టునకు పోయి చూడుడు. తెల్లవారు జామున బంతి, చామంతి గంపలు దిగగానే వర్తకుడు పువ్వును చేతపట్టి, అది సాయంకాలము వరకు నిలుచునా లేదా యని వెంటనే చెప్పును. ఆ మాటను నేను నమ్ముదును. ఏలయన, అతని మాటకు ప్రతిదినము పరీక్ష కలదు. పొరపాటు పడినచో ఆ సాయంకాలమే పువ్వు వాడును, సొమ్ము పోవును, మరునాడు అతడు సవరించుకొనును. వేలసార్లు దిద్దబడిన జ్ఞప్తి సులభముగా వచ్చినదనిన, దానికి ఆధారము కలదు. పాముకాటు వైద్యము చెప్పువానికి అట్టి పరీక్ష లేదు. జీవితకాలములో ఒకటి రెండు సార్లు చూచునేమో. కనుక తడుముకొనకుండ వచ్చిన ప్రతిమాటను శంకింపవలదు. ఆ మాటను లోకము ఎన్నిసార్లు దిద్దినదని మాత్రము ప్రశ్నించుకొనవలెను. దిద్దబడని జ్ఞప్తికి ధైర్యమెక్కువ, విలువ తక్కువ.

దిద్దబడకుండనే జ్ఞప్తిని సులభము చేయునది మరియొకటి కలదు. అది పునశ్శ్రవణము. 1977లో అమెరికాలో హాషర్, గోల్డ్‌స్టీన్, టాపినో అను మువ్వురు కొందరు కళాశాల విద్యార్థులకు రెండేసి వారముల వ్యవధితో మూడు పర్యాయములు అనేక వాక్యములు చూపి, ఇవి ఎంతవరకు నిజమని అడిగిరి. కొన్ని వాక్యములు ప్రతిసారియు మరల వచ్చినవి. నిజమైనను అబద్ధమైనను, మరల వచ్చిన వాక్యములను విద్యార్థులు అంతకంతకు ఎక్కువగా నమ్మిరి. 2018 మే నెలలో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వదంతి ఫోనుల ద్వారా రెండు తెలుగు రాష్ట్రములలోను వ్యాపించినది. ఒకే మాట నలుగురి ఫోనులనుండి వచ్చినది గనుక నలుగురు సాక్షులున్నారని జనులనుకొనిరి. నిజమునకు సాక్షి యొక్కడును లేడు. కొన్ని తావులలో ఏ పాపమెరుగని బాటసారులు గుంపుల చేతిలో ప్రాణములు కోల్పోయిరి. పోలీసు ఠాణాకు ఒక్క ప్రశ్న పంపినచో నిలుచు ప్రాణములవి. ఆ ప్రశ్న అడుగవలెనని ఎవరికిని తోచలేదు, అందరికిని తెలిసియే యుండుటచేత!

విద్యార్థులారా, ఇక మీ విషయము. పరీక్షల ముందు పాఠమును మరల మరల చదువుదురు. నాలుగవసారి చదువునప్పుడు కన్ను జారిపోవును, ప్రతివాక్యము పరిచితముగా కనబడును. “వచ్చేసింది” అని పుస్తకము మూయుదురు. ఇది పరిచయమే గాని జ్ఞానము కాదు. 2006లో రోడిగర్, కార్పికీ అనువారు అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున దీనిని పరీక్షించిరి. ఒక వర్గము పాఠమును నాలుగు పర్యాయములు చదివినది. మరియొక వర్గము ఒక్క పర్యాయము చదివి, మూడు పర్యాయములు పుస్తకము చూడక వ్రాసినది. ఐదు నిమిషముల పిమ్మట అడిగిన, చదివినవారు నూటికి 83 పాళ్లును, వ్రాసినవారు 71 పాళ్లును చెప్పిరి. వారము దినముల పిమ్మట అడిగిన, చదివినవారికి మిగిలినది 40 పాళ్లు, వ్రాసినవారికి మిగిలినది 61 పాళ్లు. పాఠము బాగుగా జ్ఞప్తియుండునని ముందుగా ఎక్కువ ధైర్యము చెప్పినవారెవరో తెలియునా? చదివినవారే. సుఖముగా సాగిన చదువు వారిని మోసగించినది.

మన జిల్లా విషయమే ఒకటి తీసికొందము. విశాఖ ఉక్కును గూర్చి మీకు తెలియునా యని అడిగిన తెలియదనువాడు ఇచ్చట నుండడు. 1966 నాటి ఉద్యమము, అందు ప్రాణములర్పించినవారు, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికంకితము చేయుట, ఇవి చాలమందికి కంఠస్థము. ఇప్పుడు మరియొక ప్రశ్న. ఎఱ్ఱని రాయి ఉక్కుగా ఎట్లు మారును? వెంటనే “కొలిమిలో కరగించుదురు” అని జవాబు వచ్చును. రాయిని ఎంత కరగించినను అది కరగిన రాయియే గదా! అక్కడ ఆగిపోవుదుము. ఇనుప రాతిలో ఇనుము ప్రాణవాయువుతో కలిసి యుండును. దానిని విడదీయుటకే బొగ్గును కోకుగా మార్చి కొలిమిలో వేయుదురు. కోకు మండి బొగ్గుపులుసు వాయువులలో ఒక దానిని, ప్రాణవాయువు కొరకు ఆరాటపడుదానిని, పుట్టించును. అది రాతిలోని ప్రాణవాయువును లాగుకొనగా ఇనుము మిగులును. సున్నపురాయి మలినములతో కలిసి చిట్టెముగా తేలును. ఇట్లు వచ్చిన ఇనుములో బొగ్గు నూటికి నాలుగు పాళ్ల వరకు ఉండి పెళుసుగా నుండును. మరల దానిలోనికి ప్రాణవాయువును ఊది ఆ బొగ్గును తగ్గించిన పిమ్మటనే అది ఉక్కగును. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకొనిన ఆ కొలుములలో జరుగునది ఇది. పేర్లు, తేదీలు సులభముగా వచ్చుటచేత పని కూడ తెలిసినదని మనమనుకొనుచుంటిమి. 2002లో రోజెన్‌బ్లిట్, కైల్ అనువారు తాళము వంటి సామాన్య వస్తువులు ఎట్లు పనిచేయునో తెలియునా యని అడిగి, తెలియుననినవారిని విడమరచి వ్రాయుమనిరి. వ్రాయుట మొదలుపెట్టిన పిమ్మట వారు తమ జ్ఞానమునకు తామే వెల తగ్గించుకొనిరి. విడమరచి చెప్పుటకంటె మంచి త్రాసు లేదు.

ఇప్పుడు మన జేబులలోని ఫోను సంగతి. పూర్వులు పుస్తకములోని విద్యను పరుల చేతిలోని ధనముతో పోల్చి హెచ్చరించిరి. నేడు ధనము పరుల చేతిలో నుండగనే మన పెట్టెలో నున్నదని భ్రమపడు కాలము వచ్చినది. 2011లో స్పారో మొదలగువారు చూపినదేమనగా, తాము వ్రాసినది యంత్రములో భద్రముగా నుండునని నమ్మినవారు దానిని తక్కువగా జ్ఞప్తియుంచుకొందురు. 2015లో ఫిషర్ మొదలగువారు యేల్ విశ్వవిద్యాలయమున ఇంకొక సంగతి కనుగొనిరి. కొన్ని ప్రశ్నలకు జవాబులను అంతర్జాలమున వెదకినవారు, ఆ ప్రశ్నలతో సంబంధము లేని ఇతర విషయములను కూడ తాము చక్కగా వివరింపగలమని అనుకొనిరి. దొరకుటలోని సులభత్వము తెలియుటలోని సులభత్వముగా మారిపోయినది. ఫోనును నేను దూషించుట లేదు. అది గొప్ప గ్రంథాలయమునకు ద్వారము. అయితే ద్వారము వద్ద నిలిచినవాడు ఇల్లు తనదనుకొనరాదు.

ఈ సందర్భమున మన జాతికి చెందిన యొక విద్యను తలచుకొనుట ఉచితము. అది అవధానము. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారలు తిరుపతి వేంకట కవులుగా అష్టావధాన శతావధానములతో తెలుగుదేశమును మురిపించిరి. అవధానిని చూచి మనము జ్ఞాపకశక్తిని మెచ్చుకొందుము. నేను పృచ్ఛకులను కూడ మెచ్చుకొందును. అవధాని “నాకు జ్ఞప్తియున్నది” అని చెప్పిన చాలదు. సభ యెదుట ధారణ పట్టి, ఆయా పృచ్ఛకులకిచ్చిన పద్యములను తిరిగి అప్పగింపవలెను. ఒక్క పాదము తప్పినను పృచ్ఛకుడు పట్టుకొనును. జ్ఞప్తికి ఎదురుగా పరీక్షను కూర్చుండబెట్టుటయే ఆ విద్యలోని నీతి. మన నిత్యజీవితములో అవధానులందరమే. పృచ్ఛకులే లేరు.

ఆ స్థానము గ్రంథాలయమునదని నా మనవి.

మన గ్రంథాలయోద్యమ చరిత్రను చూడుడు. 1886లో విశాఖపట్నమున మంతెన ఆదెయ్య పంతులు అను ఉపాధ్యాయుడు గ్రంథాలయము నెలకొల్పెను. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమేర్పడినది. అయ్యంకి వేంకటరమణయ్య గారు దానికి జీవితమంతయు ధారవోసిరి. 1935లో పాతూరి నాగభూషణము గారు కృష్ణా డెల్టా కాలువలో పడవపై పుస్తకములను పల్లెలకు నడపిరి. ఆ మహనీయుల యెదుట నున్న కష్టము దూరము. చదువగోరువాడు ఇక్కడ, పుస్తకము అక్కడ. వారు పుస్తకమును చదువరి వద్దకు చేర్చిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారు తెలుగువాడు తెలియని విషయమును తన భాషలోనే వెదకి చూచుకొనవలెనని ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొని, అకారమునకు చెందిన పదములతోనే పోరాడుచు 1923లో కీర్తిశేషులయిరి. నేడు దూరము తీరినది. పుస్తకము, వార్త, చిత్రము అన్నియు అరచేతికి వచ్చినవి. రానిది ప్రశ్న. పాత గ్రంథాలయము పుస్తకమును మోసికొనిపోయినది. కొత్త గ్రంథాలయము ప్రశ్నను మోసికొనిపోవలెను.

ప్రశ్న ఎట్టి మనస్సున పుట్టును? 2009లో కాలిఫోర్నియాలో కాంగ్ మొదలగువారు దీనిని పరీక్షించిరి. జవాబు బొత్తిగా తెలియనివారికిని, పూర్తిగా తెలిసినదని నమ్మినవారికిని కుతూహలము తక్కువ. కొంత తెలిసి కొంత తెలియనివారికి కుతూహలము మెండు. కనుక “నీకేమియు తెలియదు” అని ఎవరినైనను అవమానించిన వారు గ్రంథాలయమునకు రారు. వారికి తెలిసినదానిలోనే ఒక సందు చూపినచో తప్పక వత్తురు.

ఈ రజతోత్సవ సందర్భమున కార్యనిర్వాహకులకు మూడు చిన్న పనులు మనవి చేయుదును. ఇందు ఏదియు పెద్ద వ్యయముతో కూడినది కాదు.

మొదటిది, వాకిట ఒక నల్లబల్ల పెట్టి, వారమునకొక ప్రశ్న వ్రాయవలెను. ఊరిలో అందరికిని తెలిసినదని తోచు ప్రశ్నయే కావలెను. “పాము కరచిన వెంటనే చేయరాని పనులేవి?” “మన పొలములో చల్లు మందు డబ్బాపై నున్న రంగుల గుర్తుకు అర్థమేమి?” “పట్టాదారు పుస్తకమునందలి ఈ మాటకు భావమేమి?” వచ్చినవారు మొదట తమ జవాబును చీటీపై వ్రాసి పెట్టెలో వేసి, పిమ్మట లోపలికి పోయి పుస్తకము చూడవలెను. ముందుగా వ్రాయుట ముఖ్యము. వ్రాయకున్నచో జవాబు చూచిన వెంటనే “ఇది నాకు ముందే తెలుసు” అని మనస్సు బొంకును.

రెండవది, ఒక ప్రశ్నల దస్తరము ఉంచవలెను. ఎవరైనను, చదువు రానివారైనను, తమ సందేహమును చెప్పి వ్రాయింపవచ్చును. గ్రంథాలయాధికారి జవాబు వెదకి, ఏ పుస్తకమున, ఏ పుటలో దొరకినదో కూడ వ్రాయవలెను. దొరకనిదానిని జిల్లా గ్రంథాలయమునకు పంపవలెను. 1931లో తమ గ్రంథాలయ సూత్రములను ప్రకటించిన రంగనాథన్ గారు చదువరికిని పుస్తకమునకును నడుమ నిలిచి సాయపడు మనిషియే గ్రంథాలయమునకు ప్రాణమని చాటిరి. కొన్ని సంవత్సరములలో ఆ దస్తరమే ఈ గ్రామమునకు స్వంత విజ్ఞాన సర్వస్వమగును.

మూడవది, నెలకొకసారి పుస్తకము మూసి చెప్పు సభ జరుపవలెను. చదివినదానిని చూడక, తన మాటలతో, చిన్నపిల్లవానికి తెలియునట్లు చెప్పవలెను. వినువారు పృచ్ఛకులై “ఎందుచేత?” “ఆ పిమ్మట?” అని అడుగవలెను. ఆగిపోయిన చోట సిగ్గుపడ నవసరము లేదు. తరువాత చదువవలసిన పుట ఏదో ఆ ఆగిన చోటే చూపును.

ఇండ్లలో ఆచరింపదగిన యొక చిన్న నియమము కూడ చెప్పి ముగింతును. ఒక మాట తడుముకొనకుండ నోటికి వచ్చినప్పుడు, పొరపాటైనచో పోవునదేమని ఆలోచింపుడు. పాత పాట పల్లవి తప్పు పాడినచో పోవునదేమియు లేదు, హాయిగా పాడుకొనుడు. కాని పోవునది ప్రాణమో, పొలమో, బిడ్డ చదువో, పొరుగువాని పరువో అయినచో, ఎంత బాగుగా తెలిసినదని తోచినను ఒక్కసారి లేచి అడుగుడు. వైద్యునడుగుడు, అధికారినడుగుడు, పుస్తకమునడుగుడు. ఆ నాలుగు అడుగులు నడచుటకు బద్ధకించిన తరము ఎన్ని యంత్రములు కలిగియున్నను అజ్ఞానములోనే యుండును. ఆ నాలుగు అడుగులు నడచిన పల్లెకు ఇట్టి గ్రంథాలయము చాలును.

ఈ గ్రంథాలయమునకు స్వర్ణోత్సవము కూడ జరుగవలెననియు, నాటికి అలమారులలోని పుస్తకములతోబాటు దస్తరములలోని ప్రశ్నలు కూడ వేలకొలదిగా పెరుగవలెననియు ఆకాంక్షించుచున్నాను.